అంచు మీది బీట

మే నెలాఖరుకు మహారాష్ట్రలోని బల్లార్షా ఎండలో నల్లరేగడి నోరు తెరుస్తుంది. పత్తి చేలో ఆ బీటలను ఎవరూ పట్టించుకోరు, తొలి వానలకు అవే పూడిపోతాయి. గని అంచున పడ్డ బీట అలా కాదు. అక్కడికి దగ్గర్లోని రాజురాలో, నేలను పైనుంచి తవ్వే ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో సర్వేయర్‌గా ఉన్న పన్నెండేళ్లూ నాకు అన్నిటికంటే భయం దాని గురించే.

ఆ ఏడాది దాన్ని ముందు చూసింది నేను కాదు, మొక్కలకు నీళ్లు పోసే అక్క. "సార్, చేలో బీటలు అడ్డదిడ్డంగా పోతాయి. ఇది తాడు పట్టి గీసినట్టుంది" అంది. ఎంత నిజం! ఎండకు పగిలే నేల గళ్లుగళ్లుగా చీలుతుంది. జారడానికి సిద్ధమైన నేల అంచు వెంట, అంచుకు సమాంతరంగా చీలుతుంది.

బీటకు అటొకటి ఇటొకటి చెక్క మేకులు దిగ్గొట్టి, పొద్దునా సాయంత్రం టేపుతో కొలిచాం. నాలుగు రోజుల్లో తొమ్మిది మిల్లీమీటర్లు జరిగింది.

వాలు మీద వట్టివేరు నాటిద్దామని పైనుంచి మాట వచ్చింది. వట్టివేరంటే నాకు ప్రాణం. దాని వేళ్లు మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని కుట్టేస్తాయి. కానీ వేరు దిగేలోపు వాన వస్తుంది. పైగా మట్టి జారే పొర అంతకంటే లోతున ఉంటే గడ్డి కూడా మట్టితోపాటే వస్తుంది. ముందు ఆపాల్సింది నీటిని. బీటలో నీరు నిలిస్తే అది మట్టిని పక్కకు తోస్తుంది. లోతు రెండింతలైతే ఆ తోపు నాలుగింతలు. ఈ లెక్క చెప్పాకే నా మాట విన్నారు.

బీటను తవ్వి, అదే నల్లమట్టిలో సున్నం కలిపి దిమ్మిస కొట్టించాం. సున్నం కలిస్తే రేగడికి ఉబ్బే గుణం తగ్గుతుంది. నీరు బీట దాకా రాకుండా దాని వెనక తీసిన కాలువకు అడుగున ప్లాస్టిక్ షీటు పరిపించాను. ఒట్టి మట్టి కాలువ అయితే నీటిని తీసుకుపోయే బదులు వాలులోకే ఇంకిస్తుంది. వాలు పాదం దగ్గర తవ్వుతున్న యంత్రాన్ని వెనక్కి రప్పించి అక్కడ బండరాళ్లు పేర్పించాం. పాదం తవ్వడమంటే గోడ కింద పునాది లాగేయడమే.

మట్టి వాలు 45 డిగ్రీలకు మించకూడదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లోనే ఉండేది. లేదా ఒకటిన్నర మీటరుకు మించని ఎత్తుతో మెట్లు కొట్టాలనీ, మెట్టు ఎత్తెంతో వెడల్పు కనీసం అంత ఉండాలనీ ఉండేది. మాది దాదాపు నిట్టనిలువు గోడ. పడమటి వైపంతా మెట్లు కొట్టించగలిగాం. తూర్పున నలభై అడుగులు మిగిలిపోగానే వాన పట్టుకుంది. ఆ కింది రోడ్డును మూయించాను. ఉత్పత్తి తగ్గుతుందని రెండు వారాలు పోరు పెట్టారు, తెరవనివ్వలేదు.

జులైలో ఒక రాత్రి ఆ నలభై అడుగులూ జారాయి. తెల్లవారి వెళ్లేసరికి రోడ్డంతా నల్లటి బురద గుట్ట. అక్క అంచుకు దూరంగా నిలబడి, పడమటి వైపు మేకులను చూపించింది. కొలిచాను. జూన్‌లో ఎంతుందో అంతే ఉంది.