బాబాయి స్పీకర్లకు కొత్త ఫోమ్ వేసిన నా అనుభవం

బాబాయి 1980ల్లో అమెరికా నుంచి తిరిగొస్తూ తెచ్చుకున్న అడ్వెంట్ కంపెనీ స్పీకర్ల జత, మా విశాఖ ఇంట్లో మేడమీది గదిలో 15 ఏళ్లుగా పాత చీర కప్పుకుని కూర్చుంది. వాటితో పాటు వచ్చిన ఆంప్లిఫయర్ 110 వోల్టులది, ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టారు, అదే దాని ఆఖరి రోజు. స్పీకర్లకు ఆ గొడవ లేదు కాబట్టి బతికిపోయాయి. పోయిన వేసవిలో దుమ్ము దులిపి ముందు గుడ్డ తీసి చూస్తే ఊఫర్ (బాస్, అంటే లోతైన శబ్దాలు పలికే పెద్ద స్పీకర్) కోను చుట్టూ, దాన్ని చట్రానికి పట్టి ఉంచాల్సిన ఫోమ్ అంచు సగం లేదు, మిగతా సగం వేలు పెడితే బెల్లప్పాకంలా నల్లగా అంటుకుంది.

ఆ కాలపు స్పీకర్లకు ఇది మామూలు జబ్బే. ఆ పాలీయురేథేన్ ఫోమ్ వాడినా వాడకపోయినా తేమకీ వేడికీ కొన్నేళ్లలో చివికిపోతుంది, మా సముద్రపు గాలి సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఫోమ్ బదులు గుడ్డ అంచు ఉన్న జేబీఎల్ ఎల్100 లాంటి స్పీకర్లకు ఈ బాధ లేదు. అడ్వెంట్‌కు ఇంకో చిక్కు కూడా ఉంది: అడ్వెంట్ కంపెనీ పెట్టిన హెన్రీ క్లాస్ 1969లో తెచ్చిన ఈ స్పీకర్‌లో పెట్టె పూర్తిగా మూసి ఉంటుంది, లోపలి గాలే స్ప్రింగులా కోనును పట్టి ఉంచుతుంది. ఫోమ్ చిరిగితే గాలి అక్కడే కారిపోతుంది, ఇక బాస్ ఎక్కడిది?

ఒక రిపేరు షాపులో చూపిస్తే, ఇది తీసేసి లోకల్ ఊఫర్ వేసేద్దాం సార్ అన్నాడు. ఆ పెట్టె ఆ ఊఫర్ కోసమే కట్టింది కదా, నాకు మనసొప్పలేదు. ఆన్‌లైన్‌లో ఫోమ్ తెప్పించాను. బయటి చట్రం కొలిచి 12 అంగుళాలది ఆర్డర్ పెట్టా, తీరా చూస్తే కోను అంతకన్నా చాలా చిన్నది. కొలవాల్సింది కోనును, చట్రాన్ని కాదు. మళ్లీ ఆర్డర్, మళ్లీ ఎదురుచూపు.

ఈలోగా కోను వెనక ఉండి దాన్ని కదిపే తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, తెగలేదని మల్టీమీటర్‌తో చూసుకున్నా. 8 ఓమ్‌ల ఊఫర్ మీటర్లో కాస్త తక్కువే చూపిస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. పాత బంక గోకడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి తుడవడం, మొండి చాకుతో మెల్లగా లేపడం, అంతే పని, కానీ కోను అట్ట పలచన, గట్టిగా రుద్దితే పీచు లేచిపోతుంది. అమ్మ వచ్చి చూసి, "ఒరేయ్, ఆ కంపు భరించలేకపోతున్నా, పాత సామానువాడికి వేసెయ్ రా" అంది.

ఫోమ్‌ను ముందు కోనుకు అంటించి ఒక రాత్రి ఆరనిచ్చి, ఆ తర్వాత చట్రానికి అంటించాలి. కోను మధ్యలోనే ఉందని చేత్తో చూసుకుంటే చాలనుకున్నా. పొద్దున్నే వేళ్లతో నొక్కితే కరకరమని చప్పుడు. వాయిస్ కాయిల్ చుట్టూ ఉండే సందు మిల్లీమీటరు కూడా ఉండదు, కోను వెంట్రుకవాసి పక్కకి జరిగినా కాయిల్ ఇనుముకు రాసుకుంటుంది. ఆల్కహాల్‌తో తడిపి లాగితే కొత్త ఫోమ్ చిరిగింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మూడో ఆర్డర్‌కి బుద్ధొచ్చింది. కోను మధ్యలో కాయిల్ మీద మూతలా ఉండే డస్ట్ క్యాప్‌ను బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీసి, నాన్న పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ను సన్నగా కత్తిరించి, కాయిల్‌కీ లోపలి ఇనుప దిమ్మకీ మధ్య నాలుగు పక్కలా దోపాను. ఇక కోను కదలమన్నా కదలదు. చట్రానికి బంక రాసి, చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి, ఒక రోజంతా ముట్టుకోలేదు. ఫిల్మ్ ముక్కలు లాగేసి, ఫోన్‌ను వేరే ఆంప్లిఫయర్‌కు కలిపి 30 హెర్ట్జ్ లోతైన శబ్దం తక్కువ వాల్యూమ్‌లో పెడితే కోను చప్పుడు లేకుండా ఊగింది, హమ్మయ్య. రెండోదీ అలాగే చేసి, క్యాపులు తిరిగి అంటించి, గాలి కారకుండా చట్రం కింద కిటికీలకు వేసే ఫోమ్ టేపు వేసి బిగించా.

పాట పెట్టా. బాస్ లేదు! పది నిమిషాలు తల పట్టుకున్నాక తట్టింది, ఒకదానికి వైర్లు తారుమారు చేశానేమో అని. అలా అయితే ఒక కోను గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగేస్తుంది, బాస్ చెల్లిపోతుంది. టార్చిలోని 1.5 వోల్ట్ సెల్ తీసి ప్లస్‌ను ప్లస్‌కు తాకిస్తే కోను బయటికి రావాలి, ఎడమదానిది లోపలికి పోయింది. వైర్లు మార్చగానే మేడ కిటికీ అద్దాలు గలగలమన్నాయి, అమ్మ కింద నుంచి అరిచింది.

రాజమండ్రిలో ఉన్న బాబాయికి ఫోన్ చేసి స్పీకర్ల దగ్గర పెట్టా. కాసేపు విని, "ఏరా, కుడిదాని అడుగున చెక్క పెచ్చు ఊడి ఉంటుంది చూడు, బొంబాయి ఎయిర్‌పోర్టులో పడేశాను, మీ పిన్నికి ఇప్పటికీ తెలీదు" అన్నాడు.

తిప్పి చూస్తే నిజమే, ఊడి ఉంది.