తేమ మిషన్ చెప్పేది, కాంటా చెప్పేది

దేవరకొండ వైపు మా ఊళ్లో యాసంగి వడ్లు ఏప్రిల్ నెలాఖరుకు కొనుగోలు కేంద్రానికి చేరతాయి. రెండేళ్ల కిందట మా నాయన అక్కడ కుప్ప పోసి, కాంటా కోసం తొమ్మిది రోజులు కావలి ఉన్నాడు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. బీపీకి రోజూ రెండు గోలీలు వేసుకునేవాడు. వాటిలో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేట్టు చేసేది. బీపీ ఉందని అమ్మ కూరల్లో ఉప్పు సగానికి తగ్గించింది. పొద్దంతా ఎండలో వడ్లను కాళ్లతో తిరగదోయడం, మబ్బు పడితే పట్టాలు కప్పడం, మళ్లీ తీయడం, ఇదే ఆయన పని. ఆకలి లేదని రెండు పూటలా ఇంత పలుచటి అంబలి తాగి ఊరుకునేవాడు. వడదెబ్బ తగులుతుందన్న భయంతో నేను ఫోన్ చేసినప్పుడల్లా నీళ్లు తాగమని చెప్పేవాణ్ణి. "తాగుతనే ఉన్నగదరా, ఇంకెన్ని తాగాలె" అనేవాడు. నిజంగానే రోజుకు ఆరేడు లీటర్లు తాగాడని అమ్మ తర్వాత లెక్క చెప్పింది.

తొమ్మిదో రోజు పొద్దున నాయనకు తల నొప్పి లేచింది, రెండుసార్లు వాంతి అయింది. బస్తాలు లెక్కపెట్టబోయి అరవై దాటగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఒళ్లు మాత్రం కాలడం లేదు. అందరం వడదెబ్బే అనుకుని నల్లగొండకు తీసుకుపోయాం. రక్తపరీక్షలో సోడియం 118 వచ్చింది. ఉండవలసింది 135 నుంచి 145 మధ్య.

"ఒంట్లో ఉప్పు పడిపోయింది" అని వార్డులో అందరూ అన్నారు. అమ్మ అప్పటికప్పుడు గ్లాసులో ఇంత ఉప్పు కలిపి తాగించబోయింది. పద్నాలుగేళ్లుగా జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతున్న నేను కూడా ఆ క్షణంలో అలాగే అనుకున్నాను. అయితే ఆ అంకెకు అర్థం అది కాదు. ఆసుపత్రి వరండాలో గడిచిన నాలుగు రోజుల్లో నాకు స్పష్టమైనదాన్ని ఇక్కడ రాసి పెట్టుకోవాలనిపించింది.

118 అన్నది శరీరంలో ఉన్న మొత్తం ఉప్పు కాదు. ఒక లీటరు రక్తద్రవంలో ఎన్ని మిల్లీమోల్‌ల సోడియం ఉందో చెప్పే గాఢత మాత్రమే అది. ఉప్పు ఉన్నంతే ఉండి నీరు పెరిగినా ఆ అంకె దిగుతుంది. ఉప్పు, నీరు రెండూ పోయి, వాటి స్థానంలో వట్టి నీరే తిరిగి చేరినా దిగుతుంది. వడ్లు అమ్మే రైతుకు ఈ తేడా బాగా తెలుసు. తేమ మిషన్‌లో పిడికెడు గింజలు పోస్తే అది శాతం చూపిస్తుంది; 17 దాటితే కుప్పను మళ్లీ ఆరబెట్టుకోవాలి. కానీ కుప్ప పది బస్తాలదో వంద బస్తాలదో మిషన్ చెప్పదు. అది చెప్పవలసింది కాంటా. మన శరీరంలో కూడా ఈ రెండు కొలతలకు రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి ఏకీభవించనప్పుడు ఏం జరుగుతుందన్నదే మా నాయన కథ.

ముందు కిడ్నీ పని ఎంత పెద్దదో చెప్పాలి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే సన్నటి వడపోత గొట్టాలు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. మన ఒంట్లో రక్తద్రవం మూడు లీటర్లే కాబట్టి, అదే ద్రవం రోజుకు అరవైసార్లు వడపోతకు వస్తుందన్నమాట. ఆ 180 లీటర్లలో ఉండే సోడియాన్ని వంట ఉప్పుగా లెక్కగడితే కిలోన్నర అవుతుంది. నేను ఈ లెక్క పిల్లలకు బోర్డు మీద వేసి చూపిస్తాను, ఎందుకంటే వట్టి మాటగా చెబితే నమ్మబుద్ధి కాదు. అందులో 99 శాతానికి పైగా తిరిగి రక్తంలోకి చేరుతుంది. మూడింట రెండు వంతులు నెఫ్రాన్ మొదటి మెలికల్లోనే, నీటితో సహా వెనక్కి వస్తాయి. తర్వాత వచ్చే హెన్లీ శిక్యం అనే వంపు ఒక భుజంలో ఉప్పును మాత్రమే పీల్చి చుట్టూ ఉన్న కణజాలాన్ని ఉప్పగా చేస్తుంది. ఆ తర్వాతి మెలికలు కూడా నీటిని వదిలి ఉప్పునే తీసుకుంటాయి కాబట్టి, అక్కడికి చేరేసరికి మూత్రం బాగా పలచబడి ఉంటుంది. ఆ పలుచటి నీటిని అలాగే బయటికి పంపాలా, వెనక్కి తీసుకోవాలా అన్న నిర్ణయం చివరనున్న సంగ్రహణ నాళంలో జరుగుతుంది.

ఆ నిర్ణయం వాసోప్రెసిన్ అనే హార్మోనుది. మెదడు అడుగున హైపోథలామస్‌లో రక్తం చిక్కదనాన్ని కనిపెట్టే కణాలున్నాయి. అవే మన తేమ మిషన్. చిక్కదనం ఒక్క శాతం మారినా వాటికి తెలుస్తుంది. రక్తం చిక్కబడితే దాహం పుడుతుంది, పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి వాసోప్రెసిన్ విడుదలవుతుంది. అది సంగ్రహణ నాళపు కణాలను చేరగానే, కణం లోపల దాచి ఉన్న నీటి ద్వారాలు గోడ మీదికి వచ్చి అమరుతాయి. చుట్టూ ఉప్పగా ఉన్న కణజాలం ఆ ద్వారాల గుండా నీటిని లాగేసుకుంటుంది. వాటి పేరు ఆక్వాపోరిన్లు. అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే బృందం 1992లో ఈ రకపు ద్వారాన్ని మొదటిసారి నిరూపించింది, 2003లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తం పలచబడితే హార్మోను ఆగిపోతుంది, ద్వారాలు మళ్లీ లోపలికి వెళ్తాయి, నీరు మూత్రంగా పోతుంది.

కాంటా పని చేసేవి వేరు. గుండె గదుల్లో, మెడ రక్తనాళాల్లో, కిడ్నీలోకి రక్తం వచ్చే సన్నటి నాళాల్లో పీడనాన్ని గమనించే కణాలున్నాయి. రక్తపు మొత్తం తగ్గితే కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. స్టాక్‌హోంలో టిగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అనే శాస్త్రవేత్తలు కుందేటి కిడ్నీల నుంచి దీన్ని 1898లోనే గుర్తించారు. రెనిన్ వల్ల యాంజియోటెన్సిన్ అనే హార్మోను పుడుతుంది. అది కిడ్నీ మీద టోపీలా ఉండే అధివృక్క గ్రంథిని ప్రేరేపించి ఆల్డోస్టిరాన్ అనే మరో హార్మోనును విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టిరాన్ మూత్రంలోని సోడియాన్ని చివరి దాకా ఏరి వెనక్కి తెస్తుంది, బదులుగా పొటాషియాన్ని పంపుతుంది. రక్తం మొత్తం పెరిగితే గుండె గదులు తామే ఒక హార్మోను వదిలి ఉప్పును బయటికి పంపిస్తాయి. గుండె కూడా ఒక గ్రంథేనని 1981లో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో తేలింది.

ఇప్పుడు అసలు సంగతి. రక్తపు మొత్తం బాగా తగ్గితే, కాంటా నుంచి వచ్చే సంకేతం కూడా వాసోప్రెసిన్‌ను విడుదల చేయిస్తుంది. అప్పుడు తేమ మిషన్ "రక్తం పలచబడింది, ఇక చాలు" అని చెబుతున్నా ఆ మాట చెల్లదు. రక్తప్రసరణ నిలవడం ముందు, గాఢత తర్వాత. శరీరం ఎంచుకున్న వరుస ఇది.

మా నాయన తొమ్మిది రోజులు చెమటలో ఉప్పు పోగొట్టుకున్నాడు. లీటరు చెమటలో ఒకటి నుంచి మూడు గ్రాముల దాకా ఉప్పు పోతుంది. గోలీ వల్ల మూత్రంలోనూ పోయింది. కూరలో ఉప్పు తక్కువ. రక్తపు మొత్తం తగ్గి వాసోప్రెసిన్ ఆగకుండా వస్తుంటే, తాగిన నీళ్లన్నీ లోపలే నిలిచాయి. దానికి తోడు ఆయన వేసుకున్నది థయాజైడ్ రకం గోలీ. హెన్లీ శిక్యం దాటాక నీటిని వదిలి ఉప్పును మాత్రమే తీసుకునే మెలికలనే అది అడ్డుకుంటుంది. అంటే మూత్రాన్ని పలచన చేసే పనిముట్టే పని చేయదు, చిక్కబరిచే పనిముట్టు మాత్రం చెక్కుచెదరదు. తిండి తగ్గడం కూడా చిన్న కారణం కాదు. నీటిని బయటికి పంపాలంటే దానితోపాటు పోవడానికి ఎంతో కొంత ఉప్పు, యూరియా ఉండాలి. అవి తిండి నుంచే వస్తాయి. వట్టి అంబలి మీద ఉన్న ముసలి కిడ్నీ ఆరేడు లీటర్లను పంపలేదు.

మా జిల్లాలో తాగునీరు అనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మర్రిగూడ వైపు ఆ బాధ పడ్డ కుటుంబాలు మాకు చుట్టాలే. అందువల్లనేమో, నీళ్లు మంచివా కావా అని అడగడమే మాకు అలవాటు. మంచినీళ్లే ఇలా మీద పడతాయని ఎన్నడూ అనుకోలేదు.

రక్తం పలచబడినప్పుడు నీరు కణాల్లోకి పోతుంది. తక్కిన ఒళ్లు కొంచెం ఉబ్బినా చోటుంటుంది, పుర్రె లోపలి మెదడుకు ఉండదు. తలనొప్పి, వాంతి, లెక్క తప్పడం అన్నీ దానివే. మెదడు కణాలు ఒకటి రెండు రోజుల్లో తమలోని పదార్థాలను కొన్ని బయటికి నెట్టి సర్దుకుంటాయి. అలా సర్దుకున్నాక సోడియాన్ని ఒక్కసారిగా పెంచితే నరాల పైపొర దెబ్బతిని మనిషి శాశ్వతంగా చెడిపోవచ్చు. అందుకే రోజుకు ఎనిమిదికి మించి పెరగనివ్వనని డాక్టరు మొదటే చెప్పారు. ఆ గోలీ ఆపి, ఉప్పు సెలైన్ చాలా నెమ్మదిగా ఎక్కించారు.

ఆ రాత్రి చూసినదాన్ని నేను మరిచిపోలేను. సాయంత్రం దాకా మూత్రం సంచిలో నాలుగు వేళ్ల ఎత్తున, కాచిన టీ నీళ్ల రంగులో ఉంది. రాత్రి రెండింటికి గొట్టంలో రంగు తేలికైంది. అరగంటలో నీళ్లలా తెల్లగా, ఆగకుండా దిగసాగింది. నాయనకు నయమవుతోందని నేను సంతోషపడ్డాను. సిస్టర్ మాత్రం సంచి చూడగానే డాక్టరుకు ఫోన్ చేసింది. సెలైన్‌తో రక్తపు మొత్తం సరిపడా చేరగానే కాంటా శాంతించింది, వాసోప్రెసిన్ ఆగింది. ఆ హార్మోను రక్తంలో నిలిచేది నిమిషాలే. దాని వెంటే నిలిచి ఉన్న నీరంతా బయటికి ఉరికింది, అంటే సోడియం తనంతట తానే వేగంగా పెరగబోతోంది. వెంటనే ఉప్పు సెలైన్ ఆపి, నీరు పోయినంత మేరకు ఉప్పు లేని గ్లూకోజు నీళ్ల బాటిల్ పెట్టారు. తెల్లవారి పరీక్షలో 125 వచ్చింది. పుస్తకంలో బొమ్మగా చూపిస్తూ వచ్చిన హార్మోను ఆగిపోవడాన్ని ఆ గొట్టంలో కళ్లారా చూశాను.

అదే కేంద్రంలో అదే ఎండలో బస్తాలు మోసే హమాలీలకు ఇలా ఎందుకు కాలేదని తర్వాత అడిగాను. వాళ్లు ఉప్పు, పచ్చిమిర్చి దంచి కలిపిన సల్ల (మజ్జిగ) తాగుతారు, అన్నం తింటారు, ఏ గోలీ వేసుకోరు. పైగా ఎండలో పది పదిహేను రోజులు పని చేసిన ఒంట్లో ఆల్డోస్టిరాన్ చెమట గ్రంథుల మీద కూడా పని చేసి, చెమటలో పోయే ఉప్పును తగ్గిస్తుంది. మా నాయన ఉప్పు సల్ల తాగవచ్చా అంటే, దానికి ఒకే జవాబు లేదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు అదే ఉప్పు చెరుపు చేస్తుంది. గోలీ మార్చిన డాక్టరు, ఎండాకాలంలో ఎంత ఉప్పో ఎన్ని నీళ్లో కొలత చెప్పి, ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో ఒకసారి సోడియం చూపించుకోమని చీటీ మీద రాశారు. మొన్నటి పరీక్షలో 137 ఉంది. ఆ కాగితాన్ని అమ్మ వడ్ల కాంటా రశీదులతో కలిపి పెట్టెలో దాచింది.