ఈసీజీ నార్మల్ అంటే ఏడుపొచ్చింది

2023 మార్చి క్లోజింగ్ రోజులు. నేనప్పుడు గుంటూరు జిల్లాలో ఒక బ్యాంకు బ్రాంచికి మేనేజర్‌ని. బ్యాంకు ఉద్యోగమంటే సాయంత్రం షట్టర్ దించేసి ఇంటికెళ్లిపోవడమే అనుకుంటారు జనం, షట్టర్ దించాకే మాకు అసలు పని. డిపాజిట్లు, మొండి బాకీలు, గోల్డ్ లోన్లు చాలవన్నట్టు ఇన్సూరెన్స్ పాలసీలు కూడా మేమే అమ్మాలి. పొద్దున్నే 'ఇవాళ ఎన్ని చేస్తావు' అని ఒక వీడియో కాల్, రాత్రి ఎనిమిదింటికి 'ఎందుకు చేయలేదు' అని ఇంకోటి, అదీ మిగతా మేనేజర్లందరి ముందు.

ఆ వారమే ఒక రిటైర్డ్ మాస్టారు ఎఫ్‌డీ వేద్దామని వస్తే, ఏటా కట్టాల్సిన పాలసీ అంటగట్టాను. "నువ్వు చెప్పావంటే మంచిదే అయ్యుంటుంది బాబూ" అంటూ కళ్లజోడు కూడా పెట్టుకోకుండా సంతకాలు పెట్టేశాడు. ఆ రాత్రి కాల్‌లో నన్ను మెచ్చుకున్నారు. నాకు మాత్రం తెల్లారేదాకా కునుకు పట్టలేదు.

అప్పటికి నాలుగు నెలలుగా ఛాతీలో పట్టేసినట్టు ఉంటే గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతున్నాను. మాస్టారు సంతకాలు పెట్టిన మూడో రోజు కాల్ మొదలవ్వకముందే, ఫోన్ మోగడంతోనే నోరు ఎండిపోయి, ఎడమ చేతివేళ్లు తిమ్మిరెక్కి, ఎంత పీల్చినా ఊపిరి అందక కుర్చీలోంచి జారిపోయాను. క్యాషియర్ తన బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బీపీ 170/110. ఈసీజీ తీశారు, రక్తం తీసి, గుండె దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ చూశారు, కొన్ని గంటలాగి మళ్లీ చూశారు. "గుండెకేం కాలేదండీ. కంగారులో గబగబా ఊపిరి తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు అలా తిమ్మిరెక్కుతాయి. ఇది పానిక్ అటాక్, సైకియాట్రిస్టుని కలవండి" అన్నాడు డాక్టరు.

మా ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంది. నాకేమో ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు. స్టెంట్ వేసుంటే నెల్రోజులు ఎవరూ ఫోన్ చేసేవాళ్లు కాదు కదా అని! ఆ మాట పైకి అనేశాను కూడా. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నా ఫోన్ తీసుకుని స్విచాఫ్ చేసింది.

మా ఊళ్లో సైకియాట్రిస్టు దగ్గరికెళ్తే హాల్లో కస్టమర్లు కనిపిస్తారని భయం. అందుకే ముందు మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేశాను, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. వాళ్లు నచ్చజెప్పాక విజయవాడ వెళ్లాను. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు. మొదటి వారమంతా వాంతి వచ్చేట్టుండి మానేద్దామనుకున్నాను. నిద్రమాత్ర అలవాటవుతుందని పది రోజులకే ఆపించారు. మూడో వారం ఒక పొద్దున ఇడ్లీ రుచి తెలిసింది, అప్పటిదాకా తెలియట్లేదన్న సంగతే గమనించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసిపోవడాన్ని, జబ్బుగా కాకుండా ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా లెక్కగట్టిందట. లీవ్ లెటర్‌లో రాసుకోవడానికి పనికిరాదన్నమాట. సర్టిఫికెట్ మీద సైకియాట్రీ అని చూసి పై ఆఫీసువాళ్లు "ఏంటి, నిజమేనా?" అని అడిగారు. బ్రాంచి వదులుకుని ఆఫీసు సీటు అడిగాను, ప్రమోషన్ పోయింది. ఆ మందులు డాక్టరే మెల్లగా తగ్గిస్తూ 11 నెలలకు ఆపారు. బీపీ మాత్ర ఉండిపోయింది.

మాస్టారి సంగతి చెప్పలేదు కదా. పాలసీ కాగితాలు అందిన 15 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కిచ్చేయొచ్చు (ఇప్పుడు 30 రోజులు). సెలవులో ఉండగానే ఆయనకి ఫోన్ చేసి లెటర్ రాయించాను, స్టాంపు ఖర్చులూ అవీ పోను డబ్బు వచ్చింది. ఆయన మాత్రం ఊరుకోలేదు. "మరి ఆ రోజు మంచిదన్నావుగా బాబూ?" అన్నాడు. ఒంట్లో బాలేదు మాస్టారూ అని పెట్టేశాను.