జిడ్డు తలకు కుంకుడు కొలత

మా అమ్మాయికి పద్నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు ఈ సమస్య మొదటిసారిగా మా ఇంట్లో మాటల్లోకి వచ్చింది. ఆదివారం తలస్నానం చేస్తే మంగళవారం ఉదయానికల్లా నుదుటి మీది జుట్టు పాయలు పాయలుగా అతుక్కుపోయి, అప్పుడే నూనె రాసినట్టు మెరిసేది. వారం రోజులుగా తలకు పోసుకోలేదా అని తోటి పిల్లలు అడిగారని ఒక సాయంత్రం కళ్ళనీళ్ళతో ఇంటికి వచ్చింది. నల్లగొండలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ ఎండలో నా స్కూటీ వెనక కూర్చుని తలకూ ముఖానికీ చున్నీ బిగించి చుట్టుకునే పిల్లకు చెమట, దుమ్ము, జిడ్డు కలిసి మాడు మీద ఎలా పేరుకుంటాయో ఆ ఏడాది దగ్గరగా చూశాను. అప్పటి నుంచి రెండేళ్ళపాటు మా ఇంట్లో చేసిన ప్రయత్నాలను, వాటిలో నిలిచినవాటిని, మానేసినవాటిని కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా జిడ్డు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పుకోవాలి. ప్రతి వెంట్రుక కుదురు పక్కనే ఒక చిన్న తైల గ్రంథి ఉంటుంది. చర్మం ఎండి పగలకుండా, వెంట్రుక పెళుసెక్కకుండా అది సీబం అనే నూనె లాంటి పదార్థాన్ని ఊరిస్తుంది. ఈ గ్రంథులు మాడు మీదా ముఖం మీదా చాలా ఒత్తుగా ఉంటాయి. ఈడు వచ్చే వయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరగడం వల్ల గ్రంథులు పెద్దవై ఎక్కువగా పని చేస్తాయి, అందుకే మొటిమలూ జిడ్డు తలా తరచుగా ఒకే వయసులో కనిపిస్తాయి. వంకీలు తిరిగిన జుట్టులో నూనె కుదుళ్ళ దగ్గరే నిలుస్తుంది గానీ మా అమ్మాయిలా సాఫుగా ఉన్న జుట్టులో త్వరగా కిందికి జారుతుంది. ఇది అర్థమైన తరువాత నా ఆశ కొంత తగ్గింది, దారి మాత్రం స్పష్టమైంది. గ్రంథిని నడిపించేవి లోపలి హార్మోన్లు కాబట్టి పైన రాసే ఏ ఆకూ ఏ పొడీ దాని ఊటను ఆపలేదు. పైకి వచ్చిన జిడ్డును చర్మానికి నొప్పి కలగకుండా తీయడం వరకే మన చేతిలో ఉంది. జిడ్డును శాశ్వతంగా పోగొడతామని చెప్పే చిట్కాలను నేను అప్పటి నుంచి పక్కన పెడుతున్నాను.

తీయడం అనగానే మా అమ్మకు గుర్తొచ్చేది కుంకుడుకాయే. అమ్మది దేవరకొండ దగ్గరి పల్లె. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట చెలకల్లో ఆముదం పంట బాగా పండేది, ఇంట్లో దీపానికైనా తలకైనా ఆముదమే వాడేవారు. ఆముదం ఎంత చిక్కగా ఉంటుందో చేతికి రాసుకున్నవారికి తెలుసు, మామూలు నీళ్ళకు అది కదలదు. వారమంతా ఆముదం నానిన తలకు అమ్మ ఇరవై కుంకుడుకాయల రసం తీసి, రెండు దఫాలుగా రుద్ది పోసేది. అదే కొలతను ఆమె మనుమరాలికీ వాడింది. నూనె చుక్క పెట్టని తల మీద అంత చిక్కటి రసం పడేసరికి మాడు తెల్లగా పొరలు లేచింది, దురద మొదలైంది, కొసలు చీపురు పుల్లల్లా బిరుసెక్కాయి. మూడో రోజుకు కుదుళ్ళ దగ్గర జిడ్డు మాత్రం యథాప్రకారం వచ్చింది. "నూనె లేకుంట ఉట్టి తలకు కుంకుళ్ళు పోస్తే గట్లనే అయితది బిడ్డా" అని అమ్మ మనుమరాలితో అంది. తప్పంతా నూనె పెట్టుకోకపోవడంలోనే ఉందని ఆమె ఉద్దేశం. కానీ ఆ మాటలోనే నాకు కావలసిన జవాబు దొరికింది. పాతకాలపు కొలత ఆముదం తలకు లెక్క గట్టిన కొలత, తనంతట తానే జిడ్డు ఊరే తలకు అందులో సగం కూడా అవసరం లేదు.

ఇప్పుడు మేము పాటించే పద్ధతి ఇది. నడుము వరకు ఉండే జుట్టుకు ఏడెనిమిది కాయలు, భుజాల వరకు ఉంటే నాలుగైదు కాయలు సరిపోతాయి. కాయను రాయితో చితక్కొట్టి లోపలి నల్లటి గింజను తీసివేయాలి, నురుగునిచ్చే సాపోనిన్లు పై తొక్కలోనే ఉంటాయి. తొక్కలను రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పొద్దున చేత్తో బాగా పిసికి, పలుచటి నూలుగుడ్డలో వడగట్టాలి. వడగట్టడంలో తొందరపడితే తొక్కల ముక్కలు వెంట్రుకల్లో చిక్కుకుని దువ్వినప్పుడు పొట్టులా రాలుతాయి. ఆ రసాన్ని నేరుగా నెత్తిన పోయకుండా ఒక చెంబు నీళ్ళు కలిపి పలుచన చేసి, ముందుగా తడిపిన తల మీద పోసుకుని, గోళ్ళు తగలకుండా వేళ్ళ కొసలతో మాడును మాత్రమే రుద్దాలి. కొసలను ప్రత్యేకంగా రుద్దనవసరం లేదు, పై నుంచి జారే నురుగే వాటికి చాలు. కళ్ళలో పడితే విపరీతంగా మండుతుంది, కాబట్టి పిల్లలకు పోసేటప్పుడు తల వెనక్కి వాల్చి పోయడం మంచిది. మిగిలిన రసాన్ని మరునాటికి దాచకూడదు, పులిసి వాసన వస్తుంది. వారానికి ఒక్కసారి చిక్కగా పోసే బదులు ఇలా పలుచగా రెండు సార్లు, ఎండాకాలంలో మూడు సార్లు పోయడం మొదలుపెట్టిన నెలలోపే మాడు మీద పొరలు తగ్గాయి.

కాయల నాణ్యత గురించి ఒక మాట చెప్పాలి. నల్లమలలో చెంచులు సేకరించే అటవీ ఫలసాయంలో కుంకుడుకాయ కూడా ఉంది, అచ్చంపేటలో ఉండే మా చిన్నమ్మ వచ్చినప్పుడల్లా ఒక సంచి తెస్తుంది. ఆ కాయ గోధుమ రంగులో, కొద్దిగా జిగటగా, ఊపితే గింజ గలగలలాడుతూ ఉంటుంది. దుకాణాల్లో కొన్నిసార్లు దొరికే ముడుచుకుపోయి నల్లబడిన పాత కాయలకు నురుగు తక్కువ, అటువంటివి తీసుకుంటే కొలత తప్పుతుంది. వేసవిలో రెండు రోజులు ఎండబెట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోస్తే ఏడాది పాటు చెడవు.

నీళ్ళ సంగతి చాలామంది పట్టించుకోరు, నా అనుభవంలో సగం తేడా అక్కడే ఉంది. మా ఇంట్లో బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు, పప్పు ఉడకదు, బకెట్టు అంచున తెల్లటి చారలు కడతాయి. అటువంటి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. ఆ తెట్టు వెంట్రుకల మీద పేరుకుంటే, కడిగిన తల కూడా జిడ్డుగా, బరువుగా తోస్తుంది. అది గ్రంథి ఊరించిన జిడ్డు అనుకుని మళ్ళీ మళ్ళీ సబ్బు రుద్దేవారిని నేను చూశాను. కుంకుడు రసం సబ్బులాగా తెట్టు కట్టదు, అందువల్ల ఉప్పునీళ్ళ ఊళ్ళలో దానికి ప్రత్యేకమైన ప్రయోజనం ఉంది. నల్లగొండ నీళ్ళు అనగానే అందరూ ఫ్లోరైడు గురించి అడుగుతారు గానీ అది పళ్ళకూ ఎముకలకూ చేసిన అన్యాయం వేరు, ఈ తెట్టు సంగతి వేరు. మేము ఇప్పుడు స్నానం మొత్తం బోరు నీళ్ళతో చేసినా, ఆఖరి రెండు చెంబులు మాత్రం నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళు పట్టి ఉంచుకుని పోసుకుంటాము.

ఆ రెండు చెంబుల్లో మొదటిదానిలో నిమ్మరసం కలపాలి. నకిరేకల్ నిమ్మ మార్కెట్టు మాకు దగ్గర, ఇంట్లో నిమ్మకాయకు ఏనాడూ కొదవ లేదు. సగం చెక్క రసం లీటరు నీళ్ళలో కలిపితే చాలు, ఆ పులుపు వెంట్రుకల మీద మిగిలిన ఖనిజాల పొరను కొంత కరిగించి జుట్టును తేలిక చేస్తుంది. నిమ్మ విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పకపోతే ఈ మాట పూర్తి కాదు. మొదటి వేసవిలో, పులుపు జిడ్డును విరిచేస్తుందన్న నమ్మకంతో, నిమ్మచెక్కనే తీసుకుని అమ్మాయి మాడుకు నేరుగా రుద్ది, పది నిమిషాలు ఆగి కడిగి, జుట్టు ఆరబెట్టుకోమని మిద్దె మీదికి పంపాను. నుదురు మీదికి జారిన రసం సరిగ్గా కడగలేదు. రెండు రోజుల్లో నుదుటి అంచున ఎర్రగా కమిలి, తరువాత గోధుమ రంగు మచ్చలుగా మారింది. నిమ్మలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టే అవుతుందని చర్మవైద్యులు చెప్పారు. మచ్చలు పూర్తిగా పోవడానికి నెలలు పట్టింది, ఆ నెలలన్నీ ఆ పిల్ల నుదుటి మీదికి జుట్టు లాక్కుని బడికి వెళ్ళింది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నిమ్మను నీళ్ళలో కలిపే వాడండి, తరువాత మంచినీళ్ళతో ఒక్కసారి కడిగి, నీడలోనే ఆరబెట్టుకోండి.

ప్రతిసారీ కాయలు నానబెట్టే తీరిక లేనప్పుడు పొడి పనికొస్తుంది. అర కిలో శీకాయ, పావు కిలో గింజ తీసిన కుంకుడు తొక్కలు, పావు కిలో పెసలు, వంద గ్రాముల మెంతులు, నీడలో ఎండబెట్టిన మందార ఆకులు రెండు గుప్పిళ్ళు కలిపి గిర్నిలో పట్టిస్తాము. గిర్నికి సాయంత్రం చివరగా వెళ్ళడం మర్యాద, ఎందుకంటే శీకాయ ఘాటుకు అక్కడున్నవారంతా తుమ్ముతారు, తరువాత పట్టించే పిండి చేదెక్కుతుంది. తెచ్చిన పొడిని సన్నటి గుడ్డలో జల్లించి తీరాలి, బరకగా ఉన్న పొడితో రుద్దితే మాడు గీసుకుపోతుంది. శీకాయ కుంకుడు కంటే మెత్తగా పని చేస్తుంది కాబట్టి త్వరగా పొడిబారే చర్మం ఉన్నవారికి దాని వాటా పెంచుకోవచ్చు.

పొడిలో కొద్దిగా కలిపినా, మెంతులను జిడ్డు తలకు విరుగుడుగా చెప్పడం నాకు సరిగా తోచదు. నానిన మెంతుల జిగురు జుట్టును మెత్తబరుస్తుంది, అది కొసలకు మంచిదే గానీ మాడుకు పట్టిస్తే సరిగా వదలక మరింత అంటుకుంటుంది. మందార ఆకుల జిగురు అంత మొండిది కాదు, పదిహేను ఆకులు నలిపి కుంకుడు రసంలో కలిపితే చిక్కులు పడవు. పుల్లటి మజ్జిగలో కలిపిన పెసరపిండి, ముల్తానీ మట్టి జిడ్డును పీల్చుకుంటాయి, పదిహేను రోజులకు ఒకసారి చాలు, పూర్తిగా ఎండేవరకు మాత్రం ఉంచకూడదు. వంటసోడా జోలికి వెళ్ళవద్దు. మాడు సహజంగా కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, సోడా క్షారం కావడంతో వెంట్రుక పైపొర లేచి గరుకెక్కుతుంది.

నూనె గురించి మా అమ్మకూ నాకూ చాలా కాలం వాదన సాగింది. తలకు నూనె పెట్టని ఆడపిల్ల ఆమెకు ఆలనాపాలనా లేని పిల్లలా కనిపిస్తుంది, అందులోని ప్రేమను నేను కాదనలేను. అయితే చుండ్రుకు కారణమయ్యే మలాసేజియా అనే శిలీంధ్రం మాడు మీది నూనె మీదే బతుకుతుంది, చుండ్రు ఉన్న జిడ్డు తలకు రాత్రంతా నూనె పట్టించడం దానికి మేత వేయడమే. ఇప్పుడు అమ్మ స్నానానికి గంట ముందు చెవుల కిందినుంచి కొసల వరకే నాలుగు చుక్కల కొబ్బరినూనె రాస్తుంది. మనుమరాలి జడ విప్పి, నూనె రాసి, మళ్ళీ అల్లే ఆ గంట వారిద్దరిదీ, దానిని పోగొట్టాలని నేను ఎన్నడూ అనుకోలేదు.

వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్ళు దురదకు కొంత ఉపశమనం ఇచ్చాయి. కానీ పసుపురంగు జిడ్డు పొలుసులు, చెవుల వెనక ఎర్రదనం కనిపిస్తే ఆకులతో కాలయాపన చేయకుండా చర్మవైద్యులను కలవాలి, కీటోకొనజోల్ వంటి మందు కలిసిన షాంపూ కొన్ని వారాల్లోనే అదుపులోకి తెస్తుంది. ఆడపిల్లల్లో జిడ్డుతో పాటు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు ఉంటే అది పీసీఓఎస్ అనే, హార్మోన్లు అదుపు తప్పే సమస్య కావచ్చు, దానిని కుంకుడుకాయ సరిచేయలేదు. ఈ రెండు సందర్భాల్లో ఇంటి వైద్యం మీద పట్టుదల పిల్లలకే నష్టం. చిన్న జాగ్రత్తలు కూడా ఉన్నాయి, దిండు గలీబును, దువ్వెనను, తలకు చుట్టుకునే చున్నీని వారానికోసారి ఉతక్కపోతే కడిగిన తలకు పాత జిడ్డే మళ్ళీ అంటుతుంది.

ఈ జూన్‌లో అమ్మాయి ఇంటర్ చదువుకు హైదరాబాదు హాస్టలుకు వెళ్తోంది. అక్కడ కాయలు నానబెట్టడం కుదరదు కాబట్టి పోయిన వారమే గిర్నిలో పొడి పట్టించి, రెండుసార్లు జల్లించి, చిన్న డబ్బాలో పోసి, వడగట్టే నూలుగుడ్డ ఒకటి దానితో పాటు సంచిలో పెట్టాను. నాలుగు పెద్ద చెంచాలు వేసుకోమని అమ్మ చెప్పింది. రెండు చెంచాలకు ఒక చెంబు నీళ్ళు అని నేను కాగితం మీద రాసి డబ్బాకు అతికించాను.