జొన్నరొట్టె ఉత్త కార్బోహైడ్రేటేనా?

"అమ్మా, ఇది ఉత్త కార్బోహైడ్రేటే కదా, దీని కోసం ఇంత పట్టుదల ఎందుకు?" అంటూ తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పోయిన వారం కంచంలోని జొన్నరొట్టెను పక్కకు జరిపింది. జీవకణాల్లోని సేంద్రియ అణువుల పాఠం బడిలో ఆ రోజే మొదలైందట. నాకు కోపం వచ్చింది. పాలమూరులో తెలుగు మాధ్యమంలో చదివినదాన్ని కాబట్టి, పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు, కేంద్రకామ్లాలు (న్యూక్లిక్ ఆసిడ్లు) అనే నాలుగు తెలుగు పేర్లను అక్కడికక్కడే తన చేత పలికించి, 100 గ్రాముల జొన్నల్లో పిండిపదార్థం సుమారు 70 గ్రాములున్నా మాంసకృత్తులు కూడా 10 గ్రాముల దాకా ఉంటాయని వాదించాను.

పేర్లు అప్పజెప్పింది గానీ రొట్టె ముట్టలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడాలని నియమం పెట్టిన నేనే, తన హోంవర్కులో చిక్కు వస్తే తొందరలో ఇంగ్లీషులోకి దిగిపోతాను. వారంలో నాలుగు రోజులు కొన్న గోధుమ చపాతీలే వేడి చేసి పెడతాను. అలాంటప్పుడు ఒక్క రొట్టె దగ్గర పట్టిన పంతం న్యాయమేనా అని ఆ రాత్రి చాలాసేపు బాధపడ్డాను.

మరునాడు నేను పిండి తడుపుతుంటే పక్కన నిలబడి, చన్నీళ్లు పోస్తే ఏమవుతుందని అడిగింది. మా అమ్మకు ఫోన్ చేశాం. "ఉడుకు నీళ్లు పొయ్యకుంటె జిగురు రాదు బిడ్డా, తట్టంగనే పగులుతది" అన్నది అమ్మ. అలా ఎందుకు అవుతుందో కాసేపటికి అమ్మాయే తన ఇంగ్లీషు మాటల్లో చెప్పింది: గోధుమపిండిని సాగనిచ్చే గ్లూటెన్ అనే మాంసకృత్తు జొన్నలో లేదు కాబట్టి ఆ పని పిండిపదార్థమే చేయాలి; వేడి సుమారు 70 డిగ్రీలు దాటితే అందులోని స్టార్చ్ రేణువులు నీటిని పీల్చి ఉబ్బి, బంకలా మారి ముద్దను పట్టి ఉంచుతాయి. స్టార్చ్ అంటే గ్లూకోజ్ అణువుల గొలుసేనని, అదే గ్లూకోజ్ మరో తీరుగా ముడిపడితే మనకు అరగని సెల్యులోజ్ అవుతుందని, పక్కనున్న పల్లీల పొడిలోని కొవ్వు మాత్రం అలాంటి గొలుసు కాదని, ఒక గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న చిన్న అణువని వివరించింది. ముద్ద అంచును బొటనవేలితో నొక్కి, అది చీలకుండా సాగడం చూపించింది. ఇరవై ఏళ్లుగా పిసుకుతున్న పిండి గురించి ఇదేదీ నాకు తెలియదు.

వంటింట్లోనే పిల్లలకు మన మాటలు నేర్పండని తోటి తల్లులకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. తన దృష్టిని రొట్టె వైపు మళ్లించింది బడిలో ఇంగ్లీషులో విన్న పాఠం. నేను పలికించిన నాలుగు పేర్లలో ఒక్కటీ మరునాడు తన నోట రాలేదు. అమ్మ అన్న 'జిగురు'ను మాత్రం నోటుపుస్తకంలో తెలుగులోనే రాసుకుంది, 'జిగూరు' అని. దిద్దబోయి ఆగాను. ఆ రోజు రొట్టె సగం తిన్నది.