సోడియం 118
కిందటి వేసవిలో అమ్మ మంచం మీద కూర్చుని, ఎదురుగా ఉన్న నన్ను "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగినప్పుడు, అది వయసు మీదపడి వచ్చిన మతిమరుపేనని మేమంతా అనుకున్నాము. రక్తపరీక్షలో సోడియం 118 అని తేలింది. ఉండవలసింది 135 నుంచి 145 మధ్య. బీపీకి వేసుకుంటున్న మాత్ర మూత్రంలో ఉప్పును బయటికి పంపుతూ ఉంటే, ఎండలకు భయపడి మేము చెంబులకు చెంబులు మంచినీళ్లు తాగించాము, కూరల్లో ఉప్పు దాదాపు మానేశాము. రక్తంలో సోడియం పలచబడితే నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయని డాక్టరుగారు చెప్పారు. వెంటనే సెలైన్ ఎక్కించి సరిచేయమని నేను తొందరపెట్టాను. ఒక్కసారిగా పెంచితే మెదడుకే శాశ్వతంగా హాని జరుగుతుందని, రోజుకు 8 పాయింట్లు దాటనివ్వనని ఆయన ఓపికగా వివరించారు. మూడో రోజు తెల్లవారుజామున అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి, కాఫీ తాగావా అని అడిగింది.