ఆర్గాన్ వెల్డింగ్ దగ్గర ఓ పూట

"నల్ల అద్దం లేకుండా చూడొద్దన్నా" అంటూ ఇంకో షీల్డ్ నా చేతికిచ్చాడు బాలానగర్ షెడ్‌లో వెల్డర్. మేడమెట్లకు స్టీల్ రైలింగ్ చేయిస్తున్నాం, ఆర్గాన్ వెల్డింగ్‌తో. అంటే అతుకుకు గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ ఊదుతూ అతకడం.

అద్దంలోంచి చూస్తే ఒక చేతిలో వెల్డింగ్ టార్చ్, ఇంకో చేతిలో అతుకులో కరిగించే సన్నటి ఫిల్లర్ రాడ్. కరిగిన చుక్కకు రాడ్ కొసను అలా తాకించడం, వెనక్కి తీయడం, టార్చ్‌ని ఓ వెంట్రుకవాసి ముందుకు జరపడం. నిప్పురవ్వ కనిపిస్తే ఒట్టు. చల్లారాక అతుకు మీద చేప పొలుసుల్లా వరసలు, అంచుల్లో లేత బంగారు రంగు. ఎంతసేపైనా చూడాలనిపించింది.

పక్కనే ఇంకొకాయన గేటుకు మామూలు ఆర్క్ వెల్డింగ్ కొడుతున్నాడు. రవ్వలు, పొగ, ఆపైన అతుకు మీద పెంకులా గట్టిపడిన స్లాగ్‌ని సుత్తితో రాలగొట్టడం. మోటుగా ఉంటుంది గానీ దాని గొప్ప దానిదే. రాడ్ పైపూత కాలి, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. అందుకే ఆరుబయట కూడా ధైర్యంగా చేసుకోవచ్చు. గ్యాస్‌నే నమ్ముకున్న ఆర్గాన్‌కి, సీఓటూకి (కార్బన్ డయాక్సైడ్ వాడే వెల్డింగ్) ఆ వీలు లేదు. గట్టిగా గాలి వీస్తే గ్యాస్ చెదిరిపోయి అతుకులో సన్నటి రంధ్రాలు పడతాయి. సీఓటూలో తీగ దానంతటదే వస్తుంది కాబట్టి పని వేగంగా సాగుతుంది.

మరి రైలింగ్‌కి ఆర్గానే ఎందుకంటే, స్టెయిన్‌లెస్ స్టీల్‌లో వేడి త్వరగా పక్కకు పాకదు. అతుకు దగ్గరే పేరుకుని పల్చటి పైపుని వంచేస్తుంది. ఆర్గాన్‌తో అయితే వేడిని అదుపులో పెట్టుకుంటూ చేయొచ్చు.

రేటు ఎక్కువే. ఆ చేతుల్ని చూశాక బేరమాడబుద్ధి కాలేదు.